పురుటింట్లో లేని మాట

పురుటింట్లో ‘లేదు’ అనకూడదని పెద్దమ్మ నియమం. ఉప్పు లేదు, నూనె అయిపోయింది, దీపం ఆరిపోయింది, ఇట్లాంటి మాటలేవీ ఆ గడప లోపల నోట రాకూడదు. భూమ్మీద పడ్డ బిడ్డ చెవిన మొదట ఏ మాట పడితే జన్మంతా అదే వెంట వస్తుందని ఆమె నమ్మేది. నేనూ కొంత నమ్మేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానా అంటే, ఆ సంగతి తేల్చుకోకుండానే ఇంత వయసు వచ్చింది.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. కొనకనమిట్ల దారిలో ఒక పల్లెలో సర్కారు పెట్టిన కాన్పుల కేంద్రంలో ఆమె ఆయా. గొర్రెలు కాసే ఇంటి మనిషి. కేంద్రం రాకముందు చుట్టుపక్కల పల్లెలకు ఆమే మంత్రసాని. ఊరంతా పెద్దమ్మ అని పిలిచేది, నేనూ పిలిచాను. అప్పటికి మా తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. కొత్తగా రాష్ట్రం ఏర్పడి, మా జిల్లా ఊరే రాజధాని అయింది. ఆ ఊపులోనే మా పల్లెకు రెండు గదుల మిద్దె, ఒక మందుల బీరువా, ఒక నర్సు వచ్చాయి.

నర్సును సిస్టరమ్మ అనేవాళ్ళం. కేరళ వైపు తిరువాన్కూరు దేశం మనిషి. మెడలో చిన్న శిలువ. తెలుగు పుస్తకం చూసి నేర్చుకుంది. అందుకే ఆమె తెలుగు మా తెలుగు కన్నా శుద్ధంగా ఉండేది, మాకే సరిగా అర్థమయ్యేది కాదు.

నేను ఆ ఇద్దరి మధ్య మనిషిని. బడికి పోలేదు. మా నాయన మార్కాపురం గనుల దగ్గర పారేసిన పలక ముక్కలు ఏరుకొచ్చి, పొద్దున పూజ అయ్యాక వాటి మీద అక్షరాలు దిద్దించేవాడు. దిద్దడం అయ్యాక, ఆ పూట దేవుడు మనకిచ్చింది ఏందో ఒకటి చెప్పమనేవాడు. ఎండ కాసిందనో, ఆవు ఈనిందనో చెప్పేదాన్ని. జరగనిది కల్పించి చెబితే ఒప్పుకునేవాడు కాదు. ఆ అలవాటు పెళ్ళయ్యాకా పోలేదు, ఇప్పటికీ పోలేదు. కేంద్రానికి వచ్చిన వాళ్ళ పేర్లు రాయగలనని, వాళ్ళ మాట సిస్టరమ్మకు, ఆమె మాట వాళ్ళకు విప్పి చెప్పగలనని సర్టిఫికెట్టు లేకపోయినా నన్ను పనిలో పెట్టుకున్నారు.

నాకు పిల్లలు లేరు. ఇప్పుడు ఈ మాట రాయడానికి నాకు ఇబ్బంది లేదు. ఆ రోజుల్లో దానికి ఊళ్ళో వాడే మాట వేరే ఉండేది. పురుళ్ళ దగ్గరికి నాలాంటిదాన్ని రానిచ్చేవాళ్ళు కాదు. పనిలో చేరిన కొత్తలో ఒక పురిటాలి తల్లి పెద్దమ్మతో, “ఈ పాపకు పిల్లలు లేరంట గదా, బిడ్డను ఆమె చేతికి ఇస్తివే?” అంది నన్ను చూపిస్తూ.

పెద్దమ్మ గొంతు తగ్గించలేదు. “ఎవురు చెప్పినారు లేరని? ఇంకా రాలేదు, అంతే. బండి కట్టుకొని వస్తాండారు,” అంది.

ఆ బండి రాలేదు. కానీ ఆ రోజు నుంచి ఏ బిడ్డ పుట్టినా తుడిచి మొదట నా చేతికే ఇచ్చేది. ‘లేదు’ అనని ఆమె నియమం నీడలో నేను చాలా ఏళ్ళు తల ఎత్తుకొని తిరిగాను. దానికి ఈనాటికీ ఆమెకు మనసులో దండం పెట్టుకుంటాను. తర్వాత జరిగింది రాసే ముందు ఈ సంగతి రాయడం న్యాయం.

సిస్టరమ్మకు మా మాటలన్నీ వింత. సాయంత్రం తన గదికి బయల్దేరుతూ, “నేను పోతాను,” అనేది. పెద్దమ్మ చెవులు మూసుకునేది.

“పోతా అనగాకమ్మా! పోయొస్తా అను.”

“పోవడం ఇప్పుడు. రావడం రేపు. రేపటి మాట ఇప్పుడు ఎందుకు?”

“రేపు రావా ఏంది?”

“దైవం అనుగ్రహిస్తే వస్తాను.”

“అయితే మీ దేవునికి కూడా చెప్పు, పోయొస్తా అని.”

దీపం ఆర్పడం ఇంకో రభస. పెద్దమ్మ ‘దీపం కొండెక్కించమ్మా’ అంది ఒకసారి. సిస్టరమ్మ లాంతరు పట్టుకొని వాకిట్లోకి వచ్చి, దూరాన కనిపించే గుట్టల వైపు చూసి, “ఏ కొండ?” అని అడిగింది. పెద్దమ్మ నవ్వలేక అక్కడే కూలబడింది. అట్లా నవ్వుకున్న రోజులు కూడా ఉన్నాయి మాకు.

ఒక్క విషయంలో మాత్రం నవ్వులుండేవి కావు. కాన్పయిన ఇంటివాళ్ళు జున్నుపాలో, నెయ్యో, కోడినో తెచ్చేవాళ్ళు. సిస్టరమ్మ ముట్టుకునేది కాదు. జీతం తీసుకునే పనికి ఇంకొకటి చేయి చాచి తీసుకుంటే అది దొంగతనమని వాళ్ళమ్మ నేర్పిందట. పెద్దమ్మకేమో, పెట్టే చేతిని కాదనడమే మహాపాపం. “పురుటింటోళ్ళు తెచ్చింది తిప్పి పంపితే ఆ ఇంట్లో పాడి నిలుస్తాదా?” అని గొణుక్కుంటూ, తెచ్చిన వాళ్ళ కొంగున చిటికెడు ఉప్పైనా వేసి పంపేది. నేను మధ్యలో నిలబడి, ‘సిస్టరమ్మకు నెయ్యి పడదు’ అని సర్దిచెప్పేదాన్ని. ఎవరి మనసూ నొచ్చుకోకుండా గడిచిపోయేది.

మందులు తెచ్చుకోవాలంటే కర్నూలు పోవాలి. మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కి, ద్రోణాచలంలో దిగి, ఇంకో రైలు పట్టుకోవాలి. బయల్దేరే ముందు సిస్టరమ్మ బీరువా తానే తెరిచి, ప్రతి సీసా ఎత్తి చూసుకునేది. ఆసారి ఆ తీరిక దొరకలేదు. తెల్లవారుజామున ఒక కాన్పు అయింది. అది ముగిసేసరికి రోడ్డు మీద బస్సు హారను కొడుతోంది. ఆమె చేతులు కడుక్కుంటూనే ఒక్కొక్కటే అడిగింది. పెద్దమ్మ బీరువా ముందు నిలబడి చెప్పింది. నేను పురిటాలి తలకు గుడ్డ కడుతున్నాను.

“దూది?”

“ఉండాది.”

“గాయాలు కడిగే మందు?”

“కొంచిం ఉండాది.”

“రక్తం ఆగే మందు?”

“నిండుకుందమ్మా.”

“మంచిది, చాలా మంచిది,” అని సిస్టరమ్మ సంచీ అందుకుంది. గడప దాటుతూ వెనక్కి తిరిగి, “పోయొస్తాను పెద్దమ్మా,” అంది. పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది.

నిండుకోవడం అంటే ఏమిటో తెలుగింట పుట్టిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. బియ్యం అడుగంటితే బియ్యం నిండుకున్నాయంటాం. అయిపోయాయని అనడానికి నోరు రాక అట్లా తిప్పి చెప్పుకుంటాం. పెద్దమ్మ మాటలో నా చెవికి ఖాళీ సీసానే వినిపించింది. సిస్టరమ్మ ‘మంచిది’ అంటే, సరే తెస్తానని అర్థం చేసుకున్నాం ఇద్దరమూ. ఆమె చెవికి నిండు సీసా వినిపించిందని మాకు తోచనే లేదు.

ఆమె తిరిగొచ్చేసరికి వాకిట్లో ఒక ఎద్దులబండి నిలబడి ఉంది. గొర్రెల కాపరుల ఇంటి నుంచి ఒక అవ్వ తన పెద్ద కోడల్ని తోలుకొచ్చింది. కోడలికి నొప్పులు ముదిరాయి. సిస్టరమ్మ కర్నూలు నుంచి తెచ్చిన పెట్టె గోడవారన పెట్టి, చీర మార్చుకోకుండానే లోపలికి వచ్చింది. మందు ఆ పెట్టెలో ఉందని పెద్దమ్మ ధీమా. బీరువాలో ఉందని సిస్టరమ్మ ధీమా.

మధ్యాహ్నం దాటాక ఆడపిల్ల పుట్టింది. పెద్దమ్మ తుడిచి నా చేతికిచ్చింది. బయట అవ్వ, “ఏం బిడ్డ పాపా?” అని కేకేసింది. “మహాలక్ష్మి అవ్వా,” అన్నాను. “వచ్చిందా! ఇంక గొర్రెలకు కాపలా దొరికింది,” అని అవ్వ నవ్వింది.

ఆ తర్వాత రక్తం నిలవలేదు.

“పెద్దమ్మా, ఆ మందు ఇవ్వు.”

పెద్దమ్మ పెట్టె తాడు కోసింది. దూది తీసింది, గుడ్డలు తీసింది, సబ్బులు తీసింది. “యాడ పెట్టినావమ్మా?”

“పెట్టెలో ఎందుకు? బీరువాలో! నిండుగా ఉంది అన్నావు కదా!”

“నిండుకుంది అంటిని.”

“అదే! నిండుగా!”

పెద్దమ్మ ఏదో అనబోయింది. మంచం మీద పురిటాలు కళ్ళు తెరుచుకొనే ఉంది. పెద్దమ్మ నోరు మూసుకొని, బీరువాలోంచి సీసా తెచ్చి సిస్టరమ్మ చేతిలో పెట్టింది. సిస్టరమ్మ దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. చాలాసేపు చూసినట్టు నాకు గుర్తు. అంతసేపు చూసి ఉండదు.

రెండు చేతులా పొట్ట అదిమిపట్టి సిస్టరమ్మ చేయగలిగిందంతా చేసింది. ఆమె అలిసిపోతే పెద్దమ్మ పట్టింది. తర్వాత బండిలో గడ్డి మీద పడుకోబెట్టి మార్కాపురం దారి పట్టాం. ఎండ ఇంకా ఉండగానే, ఊరు చేరకముందే, ఆ కోడలుపిల్ల వెళ్ళిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. బిడ్డ నా ఒళ్ళో ఉంది. దాని ముఖం మీద ఎండ పడకుండా కొంగు అడ్డం పట్టుకోవడం ఒక్కటే నా పని అనిపించింది. దారి పక్కన గుట్టగా పోసిన పలక పెళ్ళలు మెరుస్తుంటే వాటినే చూస్తూ కూర్చున్నాను. సిస్టరమ్మ పెదవులు కదులుతున్నాయి. అవ్వ కోడలి పాదాలు ఒళ్ళో పెట్టుకొని రుద్దుతూనే ఉంది. ఇంక రుద్దనక్కర్లేదని ఆమెకు ఎవరమూ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో దీపం పెట్టి, అలవాటు ప్రకారం దేవుడిచ్చింది చెప్పుకోబోతే, ‘బిడ్డ దక్కింది’ అని నోటికి వచ్చింది. అది నిజమే. చెప్పాను. లోపల ఏమీ కదల్లేదు. ఆ తర్వాత చాలా రోజులు అట్లాగే నడిచాయి. అన్నం ఉడికేది, వడ్డించేదాన్ని, తినేదాన్ని. ఉప్పు ఎక్కువైందని మా ఆయన అంటే గానీ తెలిసేది కాదు.

మరునాడు సిస్టరమ్మ ఆ మాటకు అర్థం ఏమిటని అడిగింది. చెప్పాను.

“నిండు అంటే లేదు?”

“అవునమ్మా.”

“లేదు అనాలంటే?”

“లేదు అనం.”

ఆమె కోప్పడలేదు. “నేను సీసా ఎత్తి చూడలేదు,” అంది. బీరువా తలుపు మూసి, “ఆ ఇంటివారికి చెప్పాలి,” అంది.

పెద్దమ్మ గుడ్డలు ఉడకేసే పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. “ఏమని చెప్తావమ్మా? చెప్తే పోయిన పిల్ల లేచి వస్తాదా? ఆ ఇంట్లో చిన్న కోడలు కూడా కడుపుతో ఉండాది. ఈ సంగతి తెలిస్తే దాన్ని ఈ గడప తొక్కనిస్తారా? గొర్రెల దొడ్డి పక్కనే కాన్పు చేసుకుంటారు. దానికీ ఇట్లయితే ఆ పాపం ఎవురిది?”

“చెప్పకుంటే నేను వారిని మోసం చేసినట్టు.”

“నీ మోసం నువ్వు మోసుకో. ఆ చిన్న కోడలి నెత్తిన పెట్టగాకు.”

ఇద్దరూ నా వైపు చూశారు. సిస్టరమ్మ చెప్పింది మా నాయన నాకు నేర్పిందే. పెద్దమ్మ చెప్పింది నన్ను ఇన్నాళ్ళూ కాపాడిందే. నేను పొయ్యిలో పుల్ల ఎగదోయడానికి వెళ్ళాను.

దినాలు అయ్యాక ఒక ఉదయం అవ్వ ఒక్కతే నడిచి వచ్చింది. చేతిలో చిన్న మట్టి పిడత. వాకిట్లోనే కూర్చుంది.

“నెయ్యి తెచ్చినానమ్మా. సొంత మనుషులు కూడా అట్ల చెయ్యరు. మా పిల్ల కోసరం బండెంబడి ఎండలో వచ్చినారు. దాని రాత అంత వరకే ఉండాది. బిడ్డనన్నా మా చేతికిచ్చినారు. మేకపాలు పడతాండాయి దానికి.” పిడత సిస్టరమ్మ ముందుకు జరిపింది.

సిస్టరమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. “నేను తీసుకోరాదు,” అంది. మాట కూడదీసుకొని, తన పుస్తకం తెలుగులో చెప్పింది. “ఆ దినం ఔషధం శూన్యం. అపరాధం నాది.”

అవ్వ కొంగు ముడి విప్పింది. “సున్నమా? ఉండాదిలేమ్మా. ఆకు కూడా ఉండాది, ఏసుకుంటావా?” అని సున్నం డబ్బీ తీసి చాచింది.

మామూలప్పుడైతే పెద్దమ్మ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఆ డబ్బీ అట్లాగే సిస్టరమ్మ ముందు గాలిలో నిలిచింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి అవ్వ నా వైపు తిరిగింది.

“ఏమంటాంది పాపా? ఈమె మాట నాకు బోదపళ్ళా.”

గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ వద్దని తల ఊపింది. ‘సిస్టరమ్మకు నెయ్యి పడదు’ అనే మాట నా నాలుక మీద సిద్ధంగా ఉంది, ఎన్నోసార్లు అన్నదే. అది అనలేకపోయాను. ధైర్యం వచ్చిందని చెప్పుకోను. భయం కూడా ఆ రోజుల్లో నాకు సరిగా తెలియడం లేదు. అవ్వ ముఖం ఎదురుగా ఉంది, అడిగింది, అంతే. నోటికి వచ్చింది మాత్రం మా ఇంటి మాటే.

“అవ్వా, ఆ పొద్దు రక్తం నిలిచే మందు నిండుకున్నింది. మాకు తెలిసేలోపల చెయ్యి దాటింది. అది చెప్తాంది సిస్టరమ్మ.”

సిస్టరమ్మ ఆ మాట గుర్తుపట్టింది. తల ఎత్తి నన్ను చూసింది. సరిగ్గా చెప్పమంటుందేమో అనుకున్నాను. అవ్వకు ఇంకోలా చెప్పాల్సిన పని లేకపోయింది.

“నిండుకున్నిందా,” అంది.

డబ్బీ మూసి కొంగున ముడేసుకుంది. ముడి బిగిసిందో లేదో ఒకసారి లాగి చూసుకుంది. “ముందే ఆ ముక్క చెప్పింటే, బండి ఈడ నిలపకుండా మార్కాపురానికే తోలుకుంటా పోయేటోళ్ళం గదా,” అంది. కోపంగా అనలేదు. తెలియని వాళ్ళకు దారి చెప్పినట్టు అంది. పిడత ఎత్తుకొని వెళ్ళిపోయింది. పెద్దమ్మ ఉప్పు కోసం లోపలికి వెళ్ళి వచ్చేసరికి అవ్వ రోడ్డు మలుపు తిరిగింది.

“ఇంక రారు,” అంది పెద్దమ్మ, గుప్పిట్లో ఉప్పు పట్టుకొని. నాతో చాలా రోజులు అంతకు మించి మాట్లాడలేదు. బిడ్డలను మాత్రం మునుపటిలాగే నా చేతికిచ్చేది.

సిస్టరమ్మ మళ్ళీ కర్నూలు పోయి మందు తెచ్చింది. అప్పటి నుంచి రోజూ ఉదయం ప్రతి సీసా ఎత్తి చూసేది. పెద్దమ్మ తన దారి తాను వెతుక్కుంది. అడుగంటిన సీసాను బీరువాలో పక్కకు పడుకోబెట్టేది, బాలింతను పడుకోబెట్టినట్టు కింద ఒక గుడ్డ ముక్క వేసి. సిస్టరమ్మ తలుపు తెరిచి, “ఈరోజు ఎవరు పడుకున్నారు?” అని అడిగేది. పెద్దమ్మ వేలితో చూపించేది. ‘లేదు’ అనడం మాత్రం ఆమె నేర్చుకోలేదు. అనమని సిస్టరమ్మ అడగనూ లేదు.

చిన్న కోడలికి నెలలు నిండాయని సంతకు పోయివచ్చిన వాళ్ళు చెప్పారు. నిండడం అనే మాట ఎవరి నోట విన్నా ఉలిక్కిపడే రోజులవి. పని మధ్యలో లేచి నేను ఊరికే వాకిట్లోకి వచ్చి దారి చూసేదాన్ని. వస్తారని కాదు. రాకపోతే ఆ పిల్ల దొడ్డి పక్కన ఎట్లా ఉందో తెలిసే మార్గం లేదు.

ఒక ఉదయం ఆ బండే వచ్చి నిలిచింది. అవ్వ ముందు దిగింది. “నువ్వు దిగగాకు,” అని బండిలో ఉన్న కోడలికి చెప్పి, ఎవరినీ పలకరించకుండా నేరుగా లోపలికి వచ్చింది.

“ఆ సీసా ఏదీ?”

సిస్టరమ్మ బీరువా తెరిచి సీసా ఆమె చేతిలో పెట్టింది. అవ్వ కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు ఎత్తింది. అటూ ఇటూ వంచి, లోపల మందు కదలడం చూసింది. “ఇదేనా పాపా?” అని నన్ను అడిగింది.

“ఇదే అవ్వా.”

“ఇది నా కాడ ఉంటాది.”

బీరువాలో మందు బయటి వాళ్ళ చేతికి ఇవ్వకూడదని సిస్టరమ్మ మాకే ఎన్నోసార్లు చెప్పింది. ఇప్పుడు సరేనని తల ఊపింది. అవ్వ గుమ్మంలోకి వచ్చి, “దిగు మే,” అంది.

పొద్దంతా అవ్వ గడప పక్కన సీసా ఒళ్ళో పెట్టుకొని, రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుంది. పెద్దమ్మ చెంబు పట్టుకొని వెళ్ళి, “వదినా, కాసిన్ని నీళ్ళు తాగు,” అంది.

అవ్వ ఆమె వైపు చూడలేదు. “నీళ్ళన్నా ఉండాయా, అవీ నిండుకున్నాయా?”

పెద్దమ్మ చెంబు ఇంకా ముందుకు చాచింది. “ఉండాయి. రా, కడవ చూపిస్తా,” అంది. అవ్వ లేవలేదు. చెంబు అందుకొని తాగింది.

బిడ్డ పుట్టింది. పెద్దమ్మ తుడిచి నా చేతికిచ్చింది. సిస్టరమ్మ గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాచింది. అవ్వ ఆ చేతిని చూస్తోంది గానీ సీసా ఇవ్వడం లేదు.

“ఇయ్యి అవ్వా,” అన్నాను.

“ఇస్తాండా. వేళ్ళు రావడంలా,” అంది.

బిడ్డను పెద్దమ్మకు అందించి ఆమె ముందు కూర్చున్నాను. అన్ని గంటలూ బిగబట్టిన వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఒక్కొక్క వేలే విడదీసి సీసా తీసి సిస్టరమ్మకిచ్చాను. గాజు ఒంటివేడితో కాగి ఉంది. ఆమె లోపలికి పోయింది. కాసేపటికి లోపలి నుంచే, “నిలిచింది,” అంది. శుద్ధమైన తెలుగే, ఈసారి మా అందరికీ ఒక్కసారే అర్థమయింది.

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చున్నప్పుడు నా అరచేతిలో ఆ గాజు వేడి ఇంకా ఉన్నట్టు తోచింది. దేవుడిచ్చింది అదే అని చెప్పుకున్నాను. చాలా రోజుల తర్వాత కంట కొంచెం తడి వచ్చింది, అదీ కొంచెమే.

కొన్ని రోజులకు తల్లినీ బిడ్డనూ తోలుకుపోవడానికి బండి వచ్చింది. నెయ్యి తేలేదు. నేను ఎవరికీ ఏమీ సర్దిచెప్పాల్సిన పని పడలేదు. పెద్దమ్మ ఉప్పు ఇస్తే అవ్వ కాదనకుండా కొంగున కట్టుకుంది. బండి ఎక్కి కూర్చొని, పగ్గం అందుకున్న కొడుకును ఒక్క క్షణం ఆగమని, మా ముగ్గురి వైపూ చూసింది.

“పోతాం,” అంది.

‘పోయొస్తాం’ అనలేదు. పెద్దమ్మ విన్నది. చెవులు మూసుకోలేదు.